ట్రైలర్ బ్రేకులు పట్టకపోతే ఎక్కడ వెతకాలి?

అందరికీ నమస్కారం. వెనక వరుస దాకా వినిపిస్తోంది కదా? సరే, మొదలుపెడదాం.

ఎలక్ట్రిక్ బ్రేకులున్న ట్రైలర్లు లాగేవాళ్ళు నా దగ్గరికి వచ్చి చెప్పేది దాదాపు ఒకటే మాట. "బ్రేకు తొక్కితే ముందు బండి ఆగుతోంది, వెనకది తోసుకొస్తోంది. గెయిన్ ఆఖరి అంకెకి పెట్టినా అంతే." ఆ వెంటనే రెండో మాట, "కంట్రోలర్ పోయినట్టుంది, కొత్తది కొనమంటారా?"

కొనకండి. కనీసం ఇవాళ కొనకండి. డాష్‌బోర్డు కింద ఉండి ట్రైలర్ బ్రేకులకు కరెంటు పంపే ఆ చిన్న పెట్టే కంట్రోలర్, ఎంత పంపాలో నిర్ణయించే అంకె గెయిన్. ఆ పెట్టె రోజూ కళ్ళముందు కనపడుతుంది, దానికి అంకెలుంటాయి, దీపాలుంటాయి. అందుకని నింద దాని మీదకే పోతుంది. చక్రం లోపల ఏం జరుగుతోందో కనపడదు కాబట్టి దాన్ని ఎవరూ అనుమానించరు. రోగం ఒకటి, మందు ఇంకొకటి అయితే డబ్బులు పోతాయి, బ్రేకు మాత్రం అలాగే ఉంటుంది. నేను చూసినంతలో పెట్టె నిజంగా చెడిపోయిన కేసులు తక్కువ. ట్రైలర్ చక్రాల్లోనో, మధ్యలో తీగల్లోనో తప్పున్నవే ఎక్కువ.

ఎందుకలాగో తెలియాలంటే ఈ బ్రేకు పనిచేసే తీరు ఒకసారి చూడాలి. చక్రంతో పాటు తిరిగే గుండ్రటి ఇనుప గిన్నె డ్రమ్ము, దాని లోపలివైపు రాసుకుని ఆపే వంపు ముక్కలు షూలు. చాలామంది కరెంటు వెళ్ళి షూలను డ్రమ్ముకేసి నొక్కుతుందని అనుకుంటారు. కరెంటుకి అంత బలం లేదు. డ్రమ్ము లోపల ఒక ఇనుప చేయి వేలాడుతూ ఉంటుంది, దాని కొసన గుడ్డు ఆకారంలో ఒక మాగ్నెట్. కరెంటు అందగానే ఆ మాగ్నెట్ తిరుగుతున్న డ్రమ్ము లోపలి చదునైన ముఖానికి అతుక్కుంటుంది. డ్రమ్ము తిరుగుతోంది కదా, మాగ్నెట్‌ను తనతో పాటు ఈడ్చుకుపోవాలని చూస్తుంది. మాగ్నెట్ కదిలితే చేయి కదులుతుంది, చేయి ముందు షూను తోస్తుంది, ఆ షూ డ్రమ్ముకు పట్టుకుని కిందున్న అడ్జస్టర్ మీదుగా వెనక షూను ఇంకా గట్టిగా తోస్తుంది. అంటే చక్రాన్ని ఆపే బలం చక్రం తిరుగుడులోంచే వస్తోంది. కరెంటు చేసేది మొదటి లాగుడు మాత్రమే.

దీంట్లోంచి రెండు సంగతులు తేలతాయి. ఒకటి, నడిచే వేగంతో పోతున్నప్పుడు ఈ బ్రేకులు కాస్త మెత్తగా అనిపించడం మామూలే. పార్కింగ్‌లో అడుగులో అడుగేస్తూ పరీక్ష చేసి "పట్టట్లేదు" అని తేల్చేయకండి. రెండోది అసలైనది. ఆ చేయి కదలగలిగే దూరం తక్కువ. షూలు అరిగి, డ్రమ్ముకూ షూకూ మధ్య సందు పెరిగితే, షూ గట్టిగా తగిలేలోపే చేయి తన దూరమంతా అయిపోగొట్టుకుంటుంది. అప్పుడు 12 వోల్టులు పూర్తిగా ఇచ్చినా, గెయిన్ ఎంత పెంచినా ఉపయోగం లేదు.

అందుకే మల్టీమీటర్ తీసేముందు జాకీ తీయండి. నేను మొదట చేసేది అడ్జస్ట్‌మెంటే. ఖర్చు లేని పని, సగం ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయి. చదునైన నేల మీద, మిగతా చక్రాలకు ముందూ వెనకా అడ్డాలు పెట్టి, లేపిన వైపు యాక్సిల్ కింద స్టాండు పెట్టండి. ఒక్క జాకీని నమ్ముకుని కింద దూరకండి. డ్రమ్మును వెనక నుంచి మూసే రేకు, అంటే బ్యాకింగ్ ప్లేటు, దాని వెనక అడుగున ఒక పొడవాటి రంధ్రం ఉంటుంది, రబ్బరు మూత పెట్టి ఉంటుంది. మూత తీసి లోపలికి టార్చి వేస్తే పళ్ళ చక్రం కనపడుతుంది, స్టార్ వీల్ అంటారు. స్క్రూడ్రైవర్ లేదా బ్రేకు స్పూను పెట్టి ఒక్కో పన్నూ తిప్పుతూ పోండి. రెండో చేత్తో టైరు తిప్పుతూనే ఉండాలి. టైరు కదలనంత బిగుసుకున్నాక, చక్రం తేలిగ్గా తిరుగుతూ షూ కాస్త రాసుకునే చప్పుడు వచ్చేదాకా వెనక్కి వదలండి. ఆ రాపిడి చప్పుడు చక్రం చుట్టూ సమానంగా వస్తే మంచిది. ఒక చోటే గరగరలాడి మిగతా చోట నిశ్శబ్దంగా ఉంటే డ్రమ్ము గుండ్రతనం పోయినట్టు.

తనంతట తానే అడ్జస్ట్ అయ్యే రకం బ్రేకులు ఉన్నాయి. మీ ట్రైలర్‌కి అవి ఉన్నాయో లేదో చూసుకోండి, ఉన్నాయని ఊహించుకోవద్దు. లేనివాటికి తయారీదార్ల పుస్తకాల్లో మామూలుగా ఉండే లెక్క ఏమిటంటే, కొత్త బ్రేకులకు మొదటి 320 కిలోమీటర్ల తర్వాత ఒకసారి, ఆ తర్వాత 4,800 కిలోమీటర్లకోసారి. మైళ్ళలో 200, 3,000. "కొన్నాక ఎప్పుడైనా చేయించారా?" అని అడిగితే నాకు ఎక్కువగా వచ్చే సమాధానం మౌనం. (నవ్వులు)

అడ్జస్ట్ చేశారు, అయినా పట్టడం లేదు. ఇప్పుడు తప్పు ముందు బండిలో ఉందా, ట్రైలర్‌లో ఉందా అన్నది తేల్చాలి. దానికి మీ ట్రైలర్ మీదే ఒక పరికరం ఉంది. బ్రేక్‌అవే స్విచ్. ట్రైలర్ ఊడిపోతే దానంతటదే బ్రేకులు పట్టుకోవడానికి పెట్టినది. కేబుల్ లాగి పిన్ను బయటికి వస్తే, ట్రైలర్ మీదున్న బ్యాటరీ నుంచి పూర్తి వోల్టేజీ నేరుగా మాగ్నెట్లకు పోతుంది. మధ్యలో కంట్రోలర్ ఉండదు, ముందు బండి వైరింగ్ ఉండదు.

ముందుగా ట్రైలర్ వైరింగ్‌ను ముందు బండికి కలిపే ప్లగ్ పీకేయండి. ఇది మరిచిపోతే బ్రేక్‌అవే కరెంటు వెనక్కి నడిచి కంట్రోలర్‌లోకి పోతుంది, బాగున్న పెట్టె కూడా పాడయ్యే ప్రమాదం ఉంది. ట్రైలర్ బ్యాటరీ నిండా ఛార్జ్ అయి ఉందో చూసుకోండి. ఒక చక్రం లేపి, చేత్తో గట్టిగా తిప్పి వదిలి, ఇంకొకరిని పిన్ను లాగమనండి. చక్రం టక్కున ఆగాలి. నాలుగు చక్రాలకూ ఇలాగే చేయండి, ప్రతిసారీ పిన్ను వెంటనే తిరిగి పెట్టేయండి, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది. నాలుగూ గట్టిగా పట్టాయంటే ట్రైలర్ బాగుంది. వెతకాల్సింది ప్లగ్ నుంచి ముందువైపు. ఏదైనా మెత్తగా పట్టినా, అసలు పట్టకపోయినా ట్రైలర్‌లోనే ఉంది. ఈ ఒక్క పరీక్షతో వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది. అయినా దీన్ని చేసేవాళ్ళు తక్కువే, ఎందుకో నాకు అర్థం కాదు.

మూడో వరుసలో ఆయన ఏదో అడుగుతున్నారు. ఆఁ, "మీటర్ పెట్టి చూస్తే చక్రం దగ్గర 12.6 చూపిస్తోంది, కరెంటు బాగానే వస్తున్నట్టే కదా?" అని. మంచి ప్రశ్న, ఇవాళ అందరికీ నేను చెప్పాలనుకున్నది కూడా ఇదే. మీరు ఆ తీగను మాగ్నెట్ నుంచి విడదీసి కొలిచారా? విడదీసేనంటున్నారు. అయితే ఆ అంకెతో మనకు ఏమీ తెలియదు. మీటర్ దాదాపు కరెంటే లాగదు. పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలిన తీగలోంచి కూడా 12.6 చూపిస్తుంది. ఖాళీ చేతులతో నడిచేవాణ్ణి చూసి వీడు బస్తా మోస్తాడని తేల్చినట్టుంటుంది ఆ కొలత. మాగ్నెట్ తగిలించి ఉండగా, బ్రేకు వేసి ఉండగా కొలవాలి.

లెక్క చూడండి, చిన్నదే. మామూలుగా వాడే 10, 12 అంగుళాల బ్రేకుల్లో ఒక్కో మాగ్నెట్ నిరోధం సుమారు 3.2 ఓమ్‌లు. నాలుగూ సమాంతరంగా కలుపుతారు, కలిపితే 0.8 ఓమ్. ఒక్క ఓమ్ కూడా లేదు. ఇప్పుడు దారిలో ఎక్కడో తుప్పు పట్టిన జాయింట్ ఒకటుంది, దాని నిరోధం 0.4 ఓమ్ అనుకోండి. మొత్తం 1.2. బ్యాటరీ 12.6 వోల్టులు. కరెంటు 10.5 ఆంపియర్లు. ఆ జాయింట్‌లోనే 4.2 వోల్టులు పోయాయి, మాగ్నెట్లకు మిగిలింది 8.4. మామూలు మీటర్‌తో ఆ జాయింట్ నిరోధం కొలిస్తే అర ఓమ్ అటూఇటూ చూపిస్తుంది, మీటర్ తీగల నిరోధం కూడా అందులో కలిసి ఉంటుంది. "బాగానే ఉంది" అనుకుని ముందుకెళ్ళిపోతాం. బ్రేకు మాత్రం మూడో వంతు వోల్టేజీ పోగొట్టుకుని కూర్చుంది.

ఆ పోయిన 4.2 వోల్టులు ఎక్కడికీ పోవు, అక్కడే వేడి అవుతాయి. దాదాపు 44 వాట్లు, ఒక్క చిన్న జాయింట్‌లో. అందుకే నేను చేసే పని ఏమిటంటే, ముందు బండి లోపల ఒకరిని కంట్రోలర్ చేతి మీట (పెడల్ తొక్కకుండా ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేసేది) పూర్తిగా లాగి కొన్ని క్షణాలు పట్టుకోమని, ఆ తర్వాత తీగ వెంట ఒక్కో జాయింట్‌నూ వేలితో తాకుతూ పోతాను. వెచ్చగా తగిలిందా, అదే. టేపు విప్పితే లోపల రాగి పోగులు ఆకుపచ్చ చిలుము పట్టి, వేళ్ళ మధ్య పొడిలా రాలిపోతుంటాయి. పైకి టేపు మాత్రం కొత్తగా మెరుస్తూ ఉంటుంది. మరీ ఎక్కువసేపు పట్టుకోకండి, చెయ్యి కాలేంత వేడెక్కే జాయింట్లు కూడా ఉంటాయి.

జాయింట్లన్నీ బాగున్నా తీగ సన్నదైతే ఇదే కథ. తీగ అడ్డుకోత 1.3 చదరపు మిల్లీమీటర్లు, అంటే 16 గేజ్. దీని నిరోధం మీటరుకి సుమారు 13 మిల్లీ ఓమ్‌లు. ముందు ప్లగ్ నుంచి వెనక యాక్సిల్‌కి 8 మీటర్లనుకుందాం, ఎర్త్ తీగ తిరిగి రావాలి కాబట్టి 16. మొత్తం 0.2 ఓమ్. 12 ఆంపియర్ల దగ్గర రెండున్నర వోల్టులు తీగలోనే ఖర్చు. అదే 12 గేజ్, 3.3 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే ఒక వోల్టు దగ్గర ఆగుతుంది. 10 గేజ్ వేస్తే ఇంకా మేలు. లైట్లకు వేసిన సన్న తీగనే బ్రేకులకూ వేసిన ట్రైలర్లు చాలా ఉన్నాయి. తీగ మార్చడం విసుగు పుట్టించే పనే, కానీ ఒకసారి చేస్తే చాలు. తీగ మీద బిగించి నొక్కే ఆ ప్లాస్టిక్ క్లిప్పులు మాత్రం వాడకండి, నీళ్ళూ దుమ్మూ తగిలే చోట అవి ఎక్కువకాలం నిలవవు. వేడికి ముడుచుకునే తొడుగున్న క్రింపులు, అంటే నొక్కి బిగించే జాయింట్ గొట్టాలు, వేయండి.

ఎర్త్ సంగతి చెప్పకుండా ఇక్కణ్ణుంచి కదలను. పాజిటివ్ తీగను అందరూ పరీక్షిస్తారు, ఎర్త్‌ను ఎవరూ పట్టించుకోరు. ట్రైలర్ తగిలించే ఇనుప గుండు, అదే హిచ్ బాల్, దాని మీదుగా ఎర్త్ అందుతుందిలే అని వదిలేసేవాళ్ళున్నారు. గ్రీజు పూసిన, కదులుతూ ఉండే రెండు ఇనుప ముక్కల మధ్యనుంచి 12 ఆంపియర్లు నిలకడగా నడవవు. ఎర్త్‌కి తీగే ఉండాలి, పాజిటివ్ ఎంత లావుంటే అంత లావు. ఉత్తర అమెరికాలో వాడే ఏడు పిన్నుల ప్లగ్‌లో బ్రేకుది నీలం తీగ, ఎర్త్‌ది తెలుపు. పరీక్ష తేలికే. మీటర్ ఒక కొన మాగ్నెట్ ఎర్త్ తీగ దగ్గర, రెండో కొన ముందు బండి బ్యాటరీ నెగటివ్ మీద, చేతి మీట పూర్తిగా లాగి ఉంచాలి. సున్నాకి దగ్గరగా రావాలి. వోల్టు, రెండు వోల్టులు కనపడ్డాయంటే అదంతా ఎర్త్ దారిలో పోతున్నట్టే. ఫ్రేముకి బిగించిన బోల్టు విప్పి, రంగూ తుప్పూ గీకి, లోహం మెరిసేలా చేసి మళ్ళీ బిగించండి.

ఇంకొక చోటు ఉంది, పట్టుకోవడం కష్టం. చాలా ట్రైలర్లలో ఎడమ చక్రం నుంచి కుడి చక్రానికి పోయే తీగను బోలు యాక్సిల్ గొట్టంలోంచి దూరుస్తారు. బండి ఎగిరినప్పుడల్లా ఆ తీగ లోపల గొట్టానికి రాసుకుంటుంది. పైతొడుగు అరిగి రాగి ఇనుముకు తగిలితే షార్ట్. నిలబడి ఉన్నప్పుడు అన్నీ సవ్యంగా ఉంటాయి, గతుకు మీద పోగానే కంట్రోలర్ షార్ట్ అని చూపిస్తుంది, మళ్ళీ మామూలైపోతుంది. ఇలా వచ్చిపోయే లక్షణం ఎవరైనా చెప్తే నాకు మొదటి అనుమానం ఆ గొట్టం మీదే. లోపలి తీగను రెండు వైపులా కత్తిరించి వదిలేసి, కొత్త తీగను యాక్సిల్ బయటి నుంచి తొడుగు వేసి కట్టేయడం నాకు నచ్చిన పరిష్కారం.

డ్రమ్ము విప్పాల్సి వస్తే ముందు వాసన చూడండి. నిజంగానే. గ్రీజు వాసన వచ్చిందంటే సగం రోగం తెలిసినట్టే. చక్రం మధ్య భాగమైన హబ్ మూత దగ్గర నిప్పుల్ పెట్టి గన్నుతో గ్రీజు ఎక్కించే యాక్సిళ్ళు ఉన్నాయి కదా, వాటికి చక్రం తిప్పకుండా గన్ను గబగబా కొడితే వెనక సీలు దాటి గ్రీజు షూల మీదకి వచ్చేస్తుంది. గ్రీజు పీల్చుకున్న షూను పెట్రోలుతో కడిగినా, మంటతో కాల్చినా బాగుపడదు. వేడెక్కినప్పుడు లోపలిది మళ్ళీ పైకి వస్తుంది. షూలు మార్చాలి, సీలు మార్చాలి. ఒకవైపే మార్చి ఊరుకోకండి, ఒకే యాక్సిల్ మీద రెండు వైపులా మార్చకపోతే ట్రైలర్ పక్కకి లాగుతుంది. బ్రేకు దుమ్మును గాలి కొట్టి ఊదకండి, తడి గుడ్డతో తుడవండి. పాత లైనింగుల్లో, అంటే షూ మీది రాపిడి పొరల్లో, ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది.

మాగ్నెట్ ముఖం చదునుగా, సమానంగా అరగాలి. ఒక పక్క ఎక్కువ అరిగిందంటే చేయి వంగిందో, దాని బుష్ అరిగిందో చూడాలి. లోపలి చుట్టలోని రాగి కనపడుతుంటే ఇక ఆలోచించక్కర్లేదు, మార్చేయడమే. మాగ్నెట్‌కు రెండు తీగలుంటాయి, ఏది పాజిటివ్ అయినా పర్వాలేదు, తికమక పడకండి. అన్ని మాగ్నెట్లూ పనిచేస్తున్నాయో లేదో తేల్చడానికి ఆమ్మీటర్ మంచిది. కేటలాగులు ఒక్కోదానికి సుమారు 3 ఆంపియర్లు అని లెక్క వేస్తాయి. చల్లగా ఉండి పూర్తి వోల్టేజీ అందితే 4కి దగ్గరగా లాగుతాయి. నాలుగు మాగ్నెట్ల ట్రైలర్ 9 దగ్గర ఆగిందంటే ఒకటి తెగిపోయి ఉండవచ్చు, లేదా అన్నింటికీ తక్కువ అందుతూ ఉండవచ్చు. తీగను చుట్టి పట్టుకుని కరెంటు కొలిచే క్లాంప్ మీటర్‌ను ఒక్కో తీగ మీద పెట్టి చూస్తే తెలిసిపోతుంది. క్లాంప్ డీసీ కొలిచేదై ఉండాలి, ఇంటి వైరింగ్‌కు వాడే ఏసీ క్లాంప్ పనికిరాదు. మీటరే లేదంటారా, దిక్సూచి తెచ్చి చక్రం వెనక పెట్టండి. బ్రేకు వేయగానే ముల్లు గిర్రున తిరిగితే మాగ్నెట్‌కు కరెంటు అందుతోంది. ఎంత అందుతోందో మాత్రం చెప్పదు.

ఇప్పుడు కంట్రోలర్. దాని గురించి చివర్లో మాట్లాడుతున్నాను కాబట్టి దానిలో తప్పే ఉండదని కాదు. ఈ పెట్టెల్లో ఎక్కువగా కనపడేవి రెండు రకాలు. ఒకటి టైమర్ రకం, బ్రేకు లైటు వెలగగానే మీరు పెట్టిన వేగంతో కరెంటు పెంచుకుంటూ పోతుంది, మీరు మెల్లగా తొక్కారా, గట్టిగా తొక్కారా అన్నది దానికి తెలియదు. రెండోది బండి ఎంత జోరుగా వేగం తగ్గుతోందో లోపలి సెన్సర్‌తో పసిగట్టి అంతకు తగ్గట్టు ఇస్తుంది. నా ఓటు రెండో దానికే. కాకపోతే నిలబెట్టిన బండిలో పెడల్ తొక్కి మీటర్ చూస్తే అది చాలా తక్కువ ఇస్తుంది. బండి కదలడం లేదు, వేగం తగ్గడం లేదు, అది ఇవ్వాల్సింది అంతే! దాన్ని చూసి "పెట్టె చచ్చిపోయింది" అనుకుని పారేసినవాళ్ళున్నారు. పరీక్షకి గెయిన్ పూర్తిగా పెంచి, చేతి మీట పూర్తిగా లాగి కొలవండి. పెట్టె దగ్గర నీలం తీగలో దాదాపు బ్యాటరీ వోల్టేజీ రావాలి. మీట సగం లాగి కొలిస్తే వచ్చే అంకెను నమ్మకండి, అప్పుడు కరెంటు ముక్కలు ముక్కలుగా వస్తుంది, ఒక్కో మీటర్ ఒక్కోలా చూపిస్తుంది. ఫ్యాక్టరీ నుంచే వచ్చే కంట్రోలర్లలో కొన్ని, బండి ఆగి ఉంటే మీట లాగినా పూర్తిగా ఇవ్వవు. వాటికి పుస్తకం చూడక తప్పదు.

పెట్టెకి వచ్చే తీగలూ చూడండి. నల్లది బ్యాటరీ నుంచి, తెల్లది ఎర్త్, ఎర్రది బ్రేకు లైటు స్విచ్ నుంచి. మీటతో బ్రేకు పట్టి, పెడల్‌తో పట్టకపోతే ఎర్ర తీగ దగ్గరే వెతకండి. సెన్సర్ రకాన్ని బండి పోయే దిక్కుకి సూటిగా, పుస్తకంలో చెప్పిన వాలులోనే బిగించాలి. అందంగా ఉందని పక్కకి తిప్పి బిగిస్తే దానికి వేగం తగ్గడం సరిగ్గా తెలియదు.

గెయిన్ పెట్టే పద్ధతి చెప్పేస్తాను. ట్రైలర్‌లో మామూలుగా వేసే బరువు వేసి, పొడిగా, చదునుగా, ఖాళీగా ఉన్న రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంలో చేతి మీట పూర్తిగా లాగండి. ట్రైలర్ చక్రాలు లాక్ అయ్యేదాకా గెయిన్ కొద్దికొద్దిగా పెంచుతూ పోండి. లాక్ అయిన చోటు నుంచి కొంచెం తగ్గించండి. బరువు మారితే మళ్ళీ ఇదే. ఖాళీ ట్రైలర్‌కి పెట్టిన గెయిన్ నిండు ట్రైలర్‌కి చాలదు, నిండుదానికి పెట్టింది ఖాళీదానికి ఎక్కువై టైర్లు రాసేస్తాయి. ఇవాళ చెప్పిన పనులేవీ చేయకుండా గెయిన్ మాత్రం పెంచుకుంటూ పోయేవాళ్ళకి ఒక ప్రమాదం ఉంది. నాలుగింట్లో రెండే పనిచేస్తుంటే, ఆ రెండింటి మీదే భారమంతా పడి అవే లాక్ అవుతాయి, అవే వేడెక్కి మెత్తబడతాయి.

"కొత్త షూలు, కొత్త మాగ్నెట్లు వేయించాం, అయినా పాతవాటికంటే మెత్తగా ఉన్నాయి" అని ఇటువైపు అమ్మ అంటున్నారు. అమ్మా, అవి ఇంకా డ్రమ్ముకి అలవాటు పడలేదు. గంటకు 65 నుంచి 30 కిలోమీటర్లకు తగ్గేలా ఇరవై, ముప్పై సార్లు బ్రేకు వేయండి. ప్రతిసారికీ మధ్య చల్లారనివ్వాలి, ఏకబిగిన చేస్తే లైనింగ్ కాలిపోతుంది. ఆ తర్వాత అడ్జస్ట్‌మెంట్ మళ్ళీ ఒకసారి, గెయిన్ మళ్ళీ ఒకసారి.

అన్నీ అయ్యాక పది నిమిషాలు తిరిగొచ్చి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో నాలుగు డ్రమ్ములూ చూడండి. దాదాపు ఒకే వేడి ఉండాలి. మూడు వేడిగా ఉండి ఒకటి చల్లగా ఉంటే ఆ ఒక్కటీ పని చేయట్లేదు. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అది వదలడం లేదు, లేదా దాని బేరింగ్ బిగుసుకుంది. థర్మామీటర్ లేకపోతే చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి, తాకొద్దు.

బయట ఒక ట్రైలర్‌ను స్టాండ్ల మీద ఎక్కించి ఉంచాం. ప్లగ్ పీకేసే ఉంది, మీటరు టూల్‌బాక్స్‌లో ఉంది. స్టార్ వీల్ తిప్పి చూడాలనుకునేవాళ్ళు రండి. మిగతా ప్రశ్నలు అక్కడ అడగండి.